ఏ, బి, సి షిఫ్టుల మధ్య ఇరవై ఒక్క కిలోమీటర్లు

జూన్ మొదటి వారం: ఏం చెయ్యబోతున్నాను

ఈ ఏడాది చివర్లో విశాఖ బీచ్ రోడ్డు మీద జరిగే నేవీ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలి. హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు. చేతిలో ఆరు నెలలున్నాయి. నాకు ముప్పై తొమ్మిదేళ్లు, బరువు 81 కిలోలు, స్కూలు దాటాక పరిగెత్తింది లేదు. ఉక్కునగరంలో ఉంటాను. ప్లాంటులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని, మూడు షిఫ్టులూ తిరుగుతుంటాను. రన్నింగ్ ప్లాన్‌లు చాలా చూశాను. అన్నీ రోజూ ఒకే టైముకి పడుకుని ఒకే టైముకి లేచేవాళ్ల కోసం రాసినవే. షిఫ్టు మనిషికి ఏది కుదురుతుందో తేల్చుకోవడానికే ఈ డైరీ.

దీనికంతటికీ మూలం మా సెక్షన్లో అందరం దాదా అని పిలిచే సీనియర్. పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్, ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు. ఒకరోజు క్యాంటీన్లో కుర్రాళ్లు క్రికెట్ గురించి వాదించుకుంటుంటే, ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "శివనాథ్ సింగ్ పేరు విన్నారా ఎవరైనా?" అని అడిగారు. మాలో ఒక్కరూ వినలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. బిహార్‌లోని బక్సర్ దగ్గర పుట్టి సైన్యంలో చేరిన మనిషి. 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో 5,000 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు. 1978లో జలంధర్‌లో మారథాన్‌ని 2 గంటల 12 నిమిషాల్లో ముగించాడు. నలభై ఏళ్లకు పైగా మన దేశంలో ఏ మగవాడూ దాన్ని దాటలేదు. ఉత్త కాళ్లతో పరిగెత్తిన మనిషిగా ఆయనకు పేరు. ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌లో ఉద్యోగం చేశాడు. 2003లో అక్కడే పోయాడు. దాదా చిన్నప్పుడు ఆ ఊళ్లో ఆ పేరు వింటూ పెరిగారట.

ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే నాకు ఇన్నేళ్లు ఈ పేరు తెలియకపోవడం బాధనిపించింది. చదివినదాన్ని కాళ్లతో కూడా తెలుసుకోవాలనిపించింది. 42.195 కిలోమీటర్లకు 2:12 అంటే, ప్రతి 400 మీటర్లకూ 75 సెకన్లు. దాదా, నేను కలిసి టౌన్‌షిప్ గ్రౌండ్‌లో టేపు పెట్టి 400 మీటర్ల చుట్టు కొలిచాం. ఆయన స్టాప్‌వాచ్ పట్టుకున్నారు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తితే 92 సెకన్లు పట్టింది. చివరి మూల తిరిగేసరికి గొంతులో మంట, చెవుల్లో హోరు. శివనాథ్ సింగ్ ఆ చుట్టుని నాకంటే 17 సెకన్లు ముందే ముగించి, ఆగకుండా అలాంటివి ఇంకో వంద పైన వేశాడు.

గ్రౌండ్‌లో గడ్డి మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ ఉన్నాను. నిరుత్సాహం రాలేదు, ఎందుకో చాలా సంతోషం వేసింది. మనిషి శరీరం అంత పని చెయ్యగలదంటే నా శరీరం కూడా ఎంతో కొంత చేస్తుంది కదా.

మొదలుపెట్టేనాటికి నా లెక్కలు: పొద్దున్న మంచం మీద నుంచి లేవకముందు నాడి నిమిషానికి 78. రెండు కిలోమీటర్ల నడకకు 22 నిమిషాలు. మామూలుగా పరుగెత్తితే మూడో నిమిషంలో ఆయాసం.

జూన్ మూడో వారం, ఏ షిఫ్ట్

పొద్దున్న ఆరింటికి డ్యూటీ, మధ్యాహ్నం రెండుకి వదులుతారు. తిని ఒక గంట కునుకు తీసి, ఐదున్నరకి రోడ్డెక్కుతున్నాను. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గ్యాలోవే ఈ పద్ధతిని దశాబ్దాలుగా కొత్తవాళ్లకు నేర్పుతూ వచ్చాడు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. ఆ తేడా చిన్నదిలా కనిపిస్తుంది కానీ పని అంతా దాంట్లోనే ఉంది. ఆయాసం వచ్చాక ఆగితే, ఆ ఆయాసం తీరడానికే నాలుగు నిమిషాలు పోతాయి. ముందే ఆగితే రెండు నిమిషాల్లో మళ్లీ కొత్తగా బయల్దేరొచ్చు.

దాదాకి మోకాళ్లు అరిగాయి, పరిగెత్తలేరు. సైకిల్ మీద పక్కనే వస్తారు. వస్తూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. "బాబూ, నిన్న మార్చిన బేరింగ్ నంబరెంత?" "రేపు షట్‌డౌన్‌లో ఎవరెవరున్నారు?" ముందు రెండు రోజులు ఇదేం కాలక్షేపం అనుకున్నాను. తర్వాత చెప్పారు: "నువ్వు పూర్తి వాక్యంలో జవాబు చెప్తే స్పీడు సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో ముక్కే బయటికొస్తే తగ్గించు."

ఇది రన్నింగ్‌లో పాత పరీక్షే. వాచీ లేకుండా, ఖర్చు లేకుండా పనిచేస్తుంది. మాట్లాడగలిగే వేగంలో ఉంటే కండరాలకు కావలసిన ప్రాణవాయువు అందుతున్నట్టు, కొవ్వు కూడా బాగా ఖర్చవుతున్నట్టు. మాట తెగితే ఒంట్లో దాచుకున్న చక్కెర మీద భారం పడుతున్నట్టు. నా విషయంలో మాట తెగని వేగం కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు. వేగంగా నడిచేవాళ్లు ఇంచుమించు నా పక్కనే వస్తున్నారు. పర్వాలేదు. నాకు కావలసింది ఆ తొమ్మిది నిమిషాలే.

సెక్టార్ మూల మీద పాలు పోసే ఆవిడ రోజూ చూస్తోంది. ఇవాళ అడిగింది, "ఏటి బాబూ, డాక్టరు గానీ సెప్పాడేటి?" కాదమ్మా, నాకే ఇష్టమై అన్నాను. "మంచిదే, మా ఆయన్నీ తీసుకుపో" అంది.

జూలై మొదట్లో, బి షిఫ్ట్

నా ప్లాన్‌కి అసలైన వారం ఇదే అని తేలిపోయింది. డ్యూటీ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. పదకొండున్నరకి పడుకుని ఆరింటికి లేచినా నిద్ర సరిపోతుంది, పొద్దున్నంతా నాదే. వారంలో పెద్ద పరుగుని బి షిఫ్ట్ వారంలోనే పెట్టుకోవాలని నిర్ణయించాను. మూడు వారాలకోసారి నిజమైన లాంగ్ రన్, మిగతా రెండు వారాల్లో చిన్నవి.

ఇలా రాసుకున్నాక జపాన్‌కు చెందిన యూకీ కవాఉచి గురించి చదివాను. 2019 దాకా సైతామా ప్రభుత్వంలో గుమస్తాగా ఉద్యోగం చేశాడు. సాయంత్రం నడిచే హైస్కూల్ ఆఫీసులో పని, అంటే మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగిసే డ్యూటీ. జపాన్‌లో పెద్ద కంపెనీల రన్నింగ్ టీముల్లో చేరినవాళ్లు రోజుకు రెండుసార్లు సాధన చేస్తారు. ఈయన పొద్దున్న ఒక్కసారే. ఆ ఒక్కసారితో, 2018లో చలిలో, ఎదురుగాలిలో, కుండపోత వానలో బోస్టన్ మారథాన్ గెలిచాడు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బి షిఫ్ట్ మనిషి బోస్టన్ గెలిచాడు!

ఇంకొకాయన న్యూజిలాండ్‌కి చెందిన ఆర్థర్ లిడియార్డ్. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, కొన్నాళ్లు పాలు కూడా వేశాడు. కోచింగ్ చదువులేవీ లేవు. తన ఒంటి మీదే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, ఎక్కువ దూరం మెల్లగా పరిగెత్తడమే అన్నింటికీ పునాది అని తేల్చాడు. తన చుట్టుపక్కల కుర్రాళ్లకు అదే నేర్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున అతని శిష్యుల్లో పీటర్ స్నెల్ 800 మీటర్లు, మర్రీ హాల్‌బర్గ్ 5,000 మీటర్లు గెలిచారు. 800 మీటర్లు పరిగెత్తేవాడిచేత కూడా వారానికి నూరు మైళ్లు చేయించినవాడు ఈయన.

లిడియార్డ్ చేసిన వాటిలో నాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఇంకోటి ఉంది. ఒలింపిక్స్ అయ్యాక, 1960ల మొదట్లో ఆక్లాండ్‌లో నడివయసు మనుషుల్ని, గుండె జబ్బు వచ్చినవాళ్లను కూడా పోగుచేసి మెల్లగా పరిగెత్తించాడు. గుండె జబ్బు వస్తే మంచం దిగొద్దని చెప్పే కాలం అది. అమెరికా నుంచి వెళ్లిన కోచ్ బిల్ బవర్‌మన్ ఒక ఆదివారం వాళ్లతో బయల్దేరి, డెబ్బై దాటిన, గుండెపోట్లు వచ్చిన పెద్దాయనతో సమానంగా రాలేక వెనకబడ్డాడు. ఇంటికెళ్లి తన ఊళ్లో అలాంటి గుంపునే మొదలుపెట్టాడు. ఇవాళ ఆర్.కె. బీచ్‌లో పొద్దున్నే కనిపించే వందలమంది వెనక ఆ ఆదివారం కూడా ఉంది.

లెక్కలు: రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఒక్కసారికి నాలుగు కిలోమీటర్లు.

జూలై చివర, సి షిఫ్ట్

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు. డ్యూటీ దిగి నేరుగా పరిగెత్తేవాళ్లను చూశాను. నాకది సరిపడదు. కళ్లు మూసుకుపోతున్న మనిషి స్కూలు బస్సులు తిరిగే రోడ్డు మీద ఉండకూడదు. ఇంటికొచ్చి ఇడ్లీ తిని పడుకుని, లేచాక సాయంత్రం చిన్న పరుగు. అది కూడా వారంలో రెండుసార్లే.

మా ఆవిడ మొదటి రోజే అడిగింది: "ఏవండీ, పరుగు సరే, నిద్ర ఎప్పుడు పోతారు?" ఈ ప్రాజెక్టులో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. తనే కిటికీలకు మందం నల్ల కర్టెన్లు కుట్టించింది. సి షిఫ్ట్ వారంలో దూరం పెంచను, వేగం చూడను. కాళ్లు దారి మరచిపోకుండా ఉంటే చాలు.

ఆగస్టు: చెమట, షూస్, వాన

మిల్లు దగ్గర పనిచేసేవాడికి వేడి కొత్త కాదు. కానీ అక్కడి వేడి పొడి వేడి, చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. బయట మన సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి. కాళ్లకు పంపేది పంపుతూనే ఇదీ చెయ్యాలి కాబట్టి అదే వేగంలో నాడి పెరిగిపోతుంది. పొద్దున్న హాయిగా మాట్లాడిన వేగంలోనే సాయంత్రం మాట తెగుతోంది. అందుకే సాయంత్రాలు కిలోమీటరుకు అర నిమిషం ఎక్కువ తీసుకుంటున్నాను. వాచీని కాకుండా ఊపిరిని చూసి పరిగెత్తమని దాదా అనేది ఇందుకే.

ఎంత నీరు పోతోందో తూచి చూశాను. బట్టల్లేకుండా పరుగుకి ముందు ఒకసారి, ఒళ్లు తుడుచుకుని తర్వాత ఒకసారి. గంట పరుగులో, పావు లీటరు తాగినా కూడా, 1.2 కిలోలు తగ్గాను. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టే లెక్క. అంటే గంటకు దాదాపు లీటరున్నర చెమట. పోయినదంతా పరిగెత్తుతుండగానే తాగేయాలనేం లేదు, అలా అవసరానికి మించి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కూడా. దాహం వేసినప్పుడు రెండు గుక్కలు. ఇంటికొచ్చాక ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపిన నీళ్లు. తర్వాత మజ్జిగ.

షూస్ 3,500 రూపాయలు. సాయంత్రం వెళ్లి కొన్నాను, ఎందుకంటే రోజంతా నిలబడ్డాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి. ముందు వేళ్లకీ షూకీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. నాకు మామూలు సైజు కంటే ఒకటి ఎక్కువ పట్టింది. కాటన్ సాక్సులు మానేశాను, తడిస్తే ఆరవు, బొబ్బలు తెస్తాయి. తొడలు ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ రాస్తున్నాను. వానలో పరిగెత్తడం మాత్రం ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. టౌన్‌షిప్‌లో చెట్ల కింద రోడ్లు తడిసి, గాలి చల్లబడి, ఆ రోజు మొదటిసారి నడక లేకుండా ఐదు కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఆపుదామని గుర్తే రాలేదు.

తెల్లవారుజామున కుక్కల సంగతి: దూరం నుంచి మొరిగితే పరుగు ఆపి నడక. వాటి కళ్లలోకి చూడకుండా, వీపు తిప్పకుండా దాటేయాలి. గుంపు ఉన్న వీధి మార్చేశాను.

ఆగస్టు చివర: కాలి నొప్పి

కుడికాలు మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి. పరుగు మొదట్లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, డ్యూటీలో మళ్లీ మొదలవుతుంది. వారపు దూరం పెరిగేకొద్దీ కొత్తవాళ్లలో చాలామందికి వచ్చేదే. రోజుకు ఎనిమిది గంటలు సేఫ్టీ షూస్‌లో సిమెంటు నేల మీద నిలబడేవాడికి ఇంకా త్వరగా వస్తుంది.

డాక్టరు వేలితో ఎముక వెంబడి నొక్కి చూశారు. నొప్పి జానెడు పొడవునా పరుచుకుని ఉంటే ఎముక మీది పొర, కండరం లాగుతున్నట్టు. ఒక్క చోటే, వేలి కొన పెట్టినంత మేర కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని పగులు అనుమానించాలి, వెంటనే పరుగు ఆపేయాలి. నాది మొదటి రకం. రెండు వారాలు సగం దూరం, అది కూడా మట్టి నేల మీద. రోజూ మెట్టు అంచున నిలబడి మునివేళ్ల మీద లేవడం, మెల్లగా మడమలు దించడం, రెండు పూటలా.

ఈ రెండు వారాల్లో నాకు బాగా అర్థమైంది ఒకటుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పనికి అలవాటుపడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు నెలలు తీసుకుంటాయి. ఆయాసం తగ్గింది కదా అని మనం దూరం పెంచుతాం, కింద కాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు. కొత్త కోక్ ఓవెన్ బ్యాటరీని, అంటే బొగ్గుని కాల్చి కోక్ చేసే కొలుముల వరుసని, వెలిగించినప్పుడు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. లోపలి సిలికా ఇటుకలు పగలకుండా సాగాలంటే రోజుకు కొన్ని డిగ్రీల చొప్పున, రెండు మూడు నెలలు వేడి పెంచుకుంటూ పోవాలి. ఎంత తొందరున్నా ఎవరూ ఆ పట్టిక దాటరు. నా పట్టిక కూడా అలాగే రాసుకున్నాను. రెండు వారాలు కొంచెం పెంచడం, మూడో వారం, అంటే సి షిఫ్ట్ వారం, తగ్గించడం. షిఫ్టుల వల్ల నష్టం అనుకున్నది ఇక్కడ లాభమే అయింది. విశ్రాంతి వారం దానంతట అదే వస్తోంది.

సెప్టెంబరు

నొప్పి పోయింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఫోన్ పట్టుకుని నా అడుగులు లెక్కపెట్టింది. "నాన్నా, నిమిషానికి నూట యాభై రెండు." అడుగు చిన్నది చేసి నూట అరవై దాటించాను. వేగం పెంచలేదు, అడుగు మాత్రమే పొట్టిది. పాదం ఒంటికి మరీ ముందుకు పడకుండా, ఒంటి కిందే పడుతుంది, మోకాలి మీద దెబ్బ తగ్గుతుంది. మొదట్లో వింతగా ఉంటుంది, రెండు వారాలకు అలవాటైంది.

అమ్మాయే ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది, ఆడవాళ్లు కూడా 42 పరిగెత్తుతారా అని. 1984 లాస్ ఏంజిలస్ దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథానే లేదని చెప్తే నమ్మలేదు. అంతకుముందు వాళ్ల శరీరం తట్టుకోదన్నారు. 1967లో బోస్టన్‌లో క్యాథరిన్ స్విట్జర్ 261 నంబరు తగిలించుకుని పరిగెత్తుతుంటే, నిర్వాహకుడొకడు రోడ్డు మీదే ఆమె మీదపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె పరుగు ఆపలేదు, పూర్తిచేసింది. 1984లో ఒలింపిక్ బంగారం గెలిచిన జోన్ బెనాయిట్ టైము 2:24:52. అమ్మాయి ఆ టైముని స్కూలు నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకుంది. ఇప్పుడు ఆదివారాలు నాతో రెండు కిలోమీటర్లు వస్తోంది. వాళ్లమ్మ నడుస్తుంది.

ఈ నెల మధ్యలో పది కిలోమీటర్లు అయ్యాయి, 1 గంట 16 నిమిషాలు. పొద్దున్న నాడి 70కి దిగింది. బరువు 77.

అక్టోబరు: బీచ్ రోడ్డు

పరీక్ష ఎక్కడో సాధన కూడా అక్కడే చెయ్యాలి. వీక్లీ ఆఫ్ రోజున నాలుగింటికి లేచి బండి మీద ఆర్.కె. బీచ్‌కి. తెల్లవారుజామున అక్కడి రోడ్డుని కొంతసేపు నడిచేవాళ్లకు, పరిగెత్తేవాళ్లకు వదిలేస్తారు, బండ్లు రానివ్వరు. ఎంత మంచి ఏర్పాటో అక్కడికెళ్తేనే తెలుస్తుంది. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి, పార్క్ హోటల్, అప్పుఘర్ దాటి రుషికొండ వైపు.

ఒక మాట రాసి తీరాలి. ఉక్కునగరంలో నేను ఒంటరిగా పరిగెత్తాను, పక్కన దాదా సైకిల్ తప్ప. ఇక్కడ పొద్దున్న ఐదింటికి ఎంతమందో. నేవీ కుర్రాళ్లు గుంపులుగా, యూనివర్సిటీ పిల్లలు, సల్వార్ మీద షూస్ వేసుకున్న బ్యాంకు ఉద్యోగినులు, తెల్ల మీసాల పెద్దాయనలు. ఎదురుపడితే ఎవరో తెలియకపోయినా చెయ్యెత్తుతారు. మత్స్యకారులు అప్పటికే వలలు లాగి, వాళ్ల రోజు సగం అయిపోయినట్టు ఉంటారు. ఇన్నాళ్లూ సముద్రం చూడాలంటే సాయంత్రం ఐస్‌క్రీమ్ కోసం పిల్లల్ని తీసుకెళ్లడమే తెలుసు.

తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కొండ కింద రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. బండి మీద ఎన్నోసార్లు వెళ్లాను, అది ఎక్కుడని గమనించనేలేదు. కాళ్లకు మాత్రం ముందు వంద మీటర్లలోనే తెలుస్తుంది. ఇక్కడా దాదా సూత్రమే: వేగం పట్టించుకోకుండా ఊపిరిని ఒకేలా ఉంచాలి. ఎక్కేటప్పుడు కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలకు పడిపోయింది, పడిపోనిచ్చాను. చేతులు కాస్త గట్టిగా ఊపి, అడుగు ఇంకా పొట్టిది చేసి, పది అడుగుల దూరంలో రోడ్డు మీదే చూపు నిలిపి. దిగేటప్పుడే అసలు జాగ్రత్త. వదిలేస్తే కాళ్లు వాటంతటవే పరుగందుకుంటాయి, తొడల ముందుభాగం మర్నాడు మెట్లు దిగనివ్వదు. అందుకే ఎక్కినదానికంటే దిగడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. అదే ఎక్కుడు వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు అవతలి వైపు నుంచి ఒకసారి. మొదటిసారి పద్నాలుగు కిలోమీటర్లు అయ్యేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. రుషికొండ వైపు నుంచి తిరిగొచ్చేటప్పుడు నీడ లేదు. తర్వాత నుంచి బయల్దేరే టైము అరగంట ముందుకు జరిపాను.

నవంబరు

తుపాను వానల వల్ల ఒక లాంగ్ రన్ పోయింది. దాన్ని పక్క వారంలో కలపలేదు, పోయిందంతే.

తిండి కుదిరింది. బయల్దేరే గంట ముందు ఒక అరటిపండు, అరగ్లాసు చోడి (రాగి) అంబలి. పది కిలోమీటర్ల తర్వాత రెండు ఖర్జూరాలు, చిన్న బెల్లం ముక్క. ముందు రాత్రి మామూలు అన్నం, పప్పు, కారం తక్కువ. నూనె వస్తువులు వద్దు.

పద్దెనిమిది కిలోమీటర్లు అయ్యాయి, 2 గంటల 13 నిమిషాలు. ఇంటికొచ్చి టైము రాసుకుంటుంటే చెయ్యి ఆగింది. ఇంచుమించు ఇదే సమయంలో శివనాథ్ సింగ్ జలంధర్‌లో నలభై రెండు కిలోమీటర్లు ముగించాడు. జూన్‌లో 75 సెకన్లు అంటే ఏమిటో తెలుసుకున్నాను, కానీ ఒక్క చుట్టులో తెలిసింది వేగం మాత్రమే. అంతసేపు ఆ వేగాన్ని పట్టుకుని ఉండటం ఏమిటో ఇప్పుడు, రెండు గంటల పైన నా సొంత కాళ్ల మీద ఉన్నాకే, కాస్త తెలిసింది. దాదాకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మా ఊరి మనిషి బాబూ" అన్నారు.

చివరి రెండు వారాలు దూరం తగ్గించేశాను. ఈ రోజుల్లో ఎంత పరిగెత్తినా ఆ రోజుకి కొత్త బలం రాదు, అలసట మాత్రం మిగిలిపోతుంది. షిఫ్టు మార్చుకోవడానికి సహోద్యోగి ఒకతను ఒప్పుకున్నాడు, లేకపోతే పరుగు ముందు రాత్రి సి షిఫ్ట్ పడేది.

డిసెంబరు

2 గంటల 29 నిమిషాల 40 సెకన్లు.

మొదటి ఐదు కిలోమీటర్లకు 36 నిమిషాలు. చుట్టూ అందరూ దాటిపోతున్నా పక్కన దాదా సైకిల్ ఉన్నట్టే ఊహించుకుని, పెదాలు కదుపుతూ బేరింగ్ నంబర్లు చెప్పుకున్నాను. పదికి 1:11. ఎక్కుడు దగ్గర నిమిషం పోయింది, దిగేటప్పుడు దాన్ని తిరిగి తెచ్చుకోవాలని చూడలేదు. పదిహేను దాకా నొప్పి లేదు, దాహం లేదు. పదిహేడు నుంచి కాళ్లు బరువెక్కాయి. పద్దెనిమిది దాటాక నాకు అంతా కొత్త, అంత దూరం ఎప్పుడూ వెళ్లలేదు. నీళ్ల టేబుళ్ల దగ్గర రెండుసార్లు నడిచాను, అది ముందే అనుకున్నది. చివరి కిలోమీటరులో ఒక పెద్దావిడ, అరవై ఉంటాయేమో, నన్ను దాటుతూ, "రండి బాబూ, అయిపోయింది, రండి" అంటూ వెళ్లింది. ఆవిడ వెనకే పట్టుకుని వెళ్లాను. ఫినిష్ దగ్గర మా అమ్మాయి, మా ఆవిడ, సైకిల్ లేకుండా నిలబడ్డ దాదా. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకూ ఏడుపొచ్చింది.

ఈ నెల లెక్కలు: పొద్దున్న నాడి 64, బరువు 75. కుడికాలు బాగానే ఉంది. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది, దాన్ని కదపకుండా వదిలేయమన్నారు.

ఫుల్ ఎప్పుడని సెక్షన్లో అందరూ అడుగుతున్నారు. వచ్చే ఏడాది కాదు. ముప్పై కిలోమీటర్ల తర్వాత ఒంట్లో చక్కెర నిల్వలు అడుగంటుతాయి, అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు వేరే పని. దానికి వారానికి యాభై కిలోమీటర్లయినా చాలా నెలలు నిలకడగా చెయ్యాలి. మూడు షిఫ్టుల్లో ఇప్పటికి నాకు కుదిరింది ముప్పై. ఏడాది పాటు హాఫ్ దూరంలోనే ఉండి ఆ ముప్పైని నలభై చేస్తాను. రెండు వారాలు నడక మాత్రమే, జనవరి మొదటి వారం నుంచి మళ్లీ పరుగు. రోటా చూసుకున్నాను, ఆ వారం బి షిఫ్ట్. మా సెక్షన్ నుంచి ఇంకో ఇద్దరు వస్తామన్నారు. వాళ్లకు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. దాదా సైకిల్‌కి కొత్త టైర్లు వేయించారు.